10,000 మంది జనం, 40 బుర్రలు

2014 అక్టోబరు. ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’ అనే వీడియో గేమ్ విడుదలకు ఇంకా నెల రోజులుంది. దాన్ని తయారుచేసిన యూబీసాఫ్ట్ సంస్థ సీనియర్ ప్రొడ్యూసర్ విన్సెంట్ పాంట్‌బ్రియాండ్ ఒక ఇంటర్వ్యూలో అన్న మాటలు గేమర్లకు ఒళ్లు మండేలా చేశాయి. ఈ ఆట ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ అనే రెండు పోటీ కన్సోళ్లలోనూ (టీవీకి తగిలించి ఆడుకునే మెషీన్లు) 900పీ రిజల్యూషన్‌తో (తెర మీద బొమ్మను నింపే చుక్కల లెక్క), సెకనుకు 30 ఫ్రేమ్‌లతో (బొమ్మలతో) నడుస్తుందని, అనవసరమైన వాదోపవాదాలు రాకుండా రెంటికీ ఒకే లెక్క ఖాయం చేశామని ఆయన చెప్పారు. ప్లేస్టేషన్ కొన్నవాళ్లకు అది పుండు మీద కారమే. వాళ్ల మెషీన్ గ్రాఫిక్స్ చిప్ సామర్థ్యం 1.84 టెరాఫ్లాప్స్ (సెకనుకు అన్ని లక్షల కోట్ల లెక్కలు), పక్కవాళ్లది 1.31. ఉన్న బలాన్ని ఎందుకు తొక్కిపెట్టారని నిలదీశారు. పక్క మెషీన్‌ను కాపాడటానికి తమదాన్ని తగ్గించారన్న అనుమానం నెలల తరబడి నలిగింది.

ఆ గొడవలో పడి, అదే ఇంటర్వ్యూలోని మరో మాటను చాలామంది సాకుగా కొట్టిపారేశారు. గ్రాఫిక్స్ ఒక్కటే అయితే 100 ఫ్రేమ్‌లైనా ఇవ్వగలమని, ఏఐ వల్లే 30 దగ్గర ఆగిపోవాల్సి వచ్చిందని పాంట్‌బ్రియాండ్ అన్నారు. ఇక్కడ ఏఐ అంటే నేటి చాట్‌బాట్‌లు కావు. ఆటలో తిరిగే మనుషుల నడవడికను నడిపించే లెక్కలు. ఆట నడిచే పారిస్ వీధుల్లో గుమిగూడిన జనం, కాపలావాళ్లు, కొట్లాటలు, పరుగులు, ఆ బాపతు అంతా.

ఆయన మాట సాకా, నిజమా? కొంత నిజం, కొంత తప్పు చిరునామాకు పంపిన జవాబు. ఆ రెంటినీ విడదీసి చూస్తే, కన్సోల్ ఆటల్లో రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు, ఏఐ ఒకదాన్నొకటి ఎక్కడ తింటాయో, ఎక్కడ తినవో తెలుస్తుంది. ఎందుకంటే ఈ మూడూ ఒకే జేబులోంచి ఖర్చయ్యేవి కావు.

సెకనుకు 30 ఫ్రేమ్‌లంటే ఒక్కో బొమ్మకు 33.3 మిల్లీసెకన్ల గడువు. 60 అంటే 16.7. ఆ గడువులో ముందు ప్రాసెసర్ పని చెయ్యాలి. ఎవరు ఎక్కడున్నారు, ఎటు కదిలారు, నొక్కిన బటన్‌కు ఏం జరగాలి, కాపలావాడి కంట పడ్డామా లేదా, ఇవన్నీ తేల్చి, ఏమేం గీయాలో జాబితా రాసి గ్రాఫిక్స్ చిప్ చేతికివ్వాలి. చిప్ ఆ జాబితా ప్రకారం పిక్సెళ్లు నింపుతుంది. చిప్ ఈ బొమ్మ గీస్తుంటే ప్రాసెసర్ తర్వాతి బొమ్మ లెక్కల్లో ఉంటుంది. కాబట్టి ఇద్దరిలో ఎవరు ఆలస్యమైతే ఆట వేగం వాళ్లదే.

పెళ్లి భోజనాల బంతిని తలుచుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. వెనక పొయ్యిల దగ్గర వంటవాళ్లు, ముందు పందిట్లో వడ్డించేవాళ్లు. వడ్డన నెమ్మదిగా సాగుతోందనుకోండి, విస్తరి చిన్నది చేసి, పది రకాలకు బదులు ఆరు వడ్డిస్తే బంతి తొందరగా లేస్తుంది. రిజల్యూషన్ తగ్గించడమంటే అదే. కానీ అసలు అన్నమే ఉడకలేదనుకోండి. విస్తరిని అరచేతి వెడల్పు చేసినా తర్వాతి బంతి కూర్చోదు. వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడాల్సిందే. ప్రాసెసర్ దగ్గర పని పేరుకుపోయిన ఆటలో పిక్సెళ్లు తగ్గించడం అచ్చం ఇలాంటిదే.

లెక్కలు చూద్దాం. 900పీ అంటే 1600 అడ్డం, 900 నిలువు, మొత్తం 14,40,000 పిక్సెళ్లు. 1080పీలో 20,73,600. తేడా 44 శాతం. 4కేకి వెళితే 82,94,400, అంటే 1080పీకి సరిగ్గా నాలుగింతలు. ఈ భారమంతా దాదాపుగా గ్రాఫిక్స్ చిప్‌దే. గుంపులో మనిషి గోడ దాటాలా, చుట్టూ తిరిగి రావాలా అన్న నిర్ణయానికి తెర మీద ఎన్ని పిక్సెళ్లున్నాయో అక్కర్లేదు. 4కేలోనూ 900పీలోనూ ఆ ఆలోచన ఖర్చు ఒకటే.

పాంట్‌బ్రియాండ్ జవాబులోని మెలిక ఇక్కడే ఉంది. ఏఐ భారం 30 ఫ్రేమ్‌లకు కారణం కావచ్చు, అది సబబైన వివరణే. 900పీకి మాత్రం అది కారణం కాలేదు. ప్రాసెసర్ వల్ల ఆట ఆగుతుంటే గ్రాఫిక్స్ చిప్‌కు తీరిక దొరకాలి, ఆ తీరికలో ప్లేస్టేషన్ 4 మరిన్ని పిక్సెళ్లు గీయగలగాలి. ప్రాసెసర్, చిప్ ఒకే మెమరీ మీద ఆధారపడతాయి కాబట్టి ఒకటి ఎక్కువ లాగితే రెండోదానికి కొంత తగ్గుతుంది, నిజమే. అయినా రిజల్యూషన్ సంగతి అడిగితే ఫ్రేమ్ రేటు కారణం చెప్పారన్నది మిగిలే ఉంటుంది. గేమర్ల కోపం అక్కడ న్యాయమైనదే. ఏఐ మాటను మొత్తంగా అబద్ధమని తోసెయ్యడం మాత్రం పొరపాటు. ఆ తరం కన్సోళ్లలో ప్రాసెసర్ ఎంత బక్కదో చూస్తే ఆ సంగతి తేలుతుంది.

ప్లేస్టేషన్ 4లోనూ ఎక్స్‌బాక్స్ వన్‌లోనూ ఉన్నవి ఏఎండీ వారి జాగ్వార్ కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), ఎనిమిదేసి. తక్కువ కరెంటుతో నడిచే టాబ్లెట్లు, చవక ల్యాప్‌టాప్‌ల కోసం రూపొందిన రకం. ప్లేస్టేషన్‌లో వేగం 1.6 గిగాహెర్ట్జ్, ఎక్స్‌బాక్స్‌లో 1.75. అందులోనూ రెండు కోర్లు మెషీన్ సొంత పనులకు పోగా తొలినాళ్లలో ఆటకు మిగిలేవి ఆరు.

యూబీసాఫ్ట్ ఇంజనీర్లే అదే ఏడాది జర్మనీలోని కొలోన్‌లో జరిగిన గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ యూరప్‌లో ఒక పట్టిక చూపించారు. నాట్యం చేసే మనుషుల బట్టలు గాలికి కదిలే తీరును లెక్కించే పని. అయిదు మిల్లీసెకన్లలో ఎంతమంది నర్తకుల బట్టలు లెక్కించగలం అన్నది ప్రశ్న. పాత ప్లేస్టేషన్ 3 ప్రాసెసర్ 105 మందిని లాక్కొచ్చింది. ఏడేళ్ల తర్వాత వచ్చిన ప్లేస్టేషన్ 4 ప్రాసెసర్ 98 మందితోనే ఆగిపోయింది. ఎక్స్‌బాక్స్ వన్‌ది 113. అదే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తే ప్లేస్టేషన్ 4లో 1,600, ఎక్స్‌బాక్స్ వన్‌లో 830. అప్పటి కొత్త కన్సోళ్ల కథంతా ఆ పట్టికలోనే ఉంది. గీసే చెయ్యి ఎన్నో రెట్లు పెరిగింది, తేల్చే బుర్ర ఉన్నచోటే ఉండిపోయింది.

మరి ఆలోచనలను కూడా చిప్‌కే అప్పగిస్తే పోలేదా? బట్టల లెక్క వరినాట్ల లాంటిది, వందలమంది వరసగా వంగి ఒకే లయలో ఒకే పని చేస్తారు. గ్రాఫిక్స్ చిప్ అలాంటి పనికే పుట్టింది. కాపలావాడి నిర్ణయం అలా సాగదు. శబ్దం వినబడిందా, వినబడితే ఎటు నుంచి, అక్కడికి దారి ఉందా, తోడు ఎవరైనా ఉన్నారా, ప్రతి ప్రశ్న దగ్గరా ఒక్కొక్కరి దారి ఒక్కో వైపు చీలుతుంది. పైగా ఒకరి నిర్ణయం పక్కవాడి నిర్ణయాన్ని మారుస్తుంది. చీలికలున్న పనిని చిప్‌కిస్తే దాని బలం సగం వృథా. అందుకే ఆ మూట మళ్లీ ప్రాసెసర్ నెత్తినే పడుతుంది.

ఇంతకీ యూనిటీలో ఎంతమంది ఆలోచిస్తున్నారు? నోట్రడామ్ చర్చి ముందు చౌకు నిండా జనం. అరుపులు, జెండాలు, తోపులాట. ఆట కథానాయకుడు ఆర్నో ఆ గుంపును భుజాలతో చీల్చుకుంటూ వెళుతుంటే పక్కకు తప్పుకునేవాళ్లు, తిట్టేవాళ్లు, బెదిరి పరుగెత్తేవాళ్లు కనిపిస్తారు. 10,000 మంది దాకా గుంపును చూపగల ఏర్పాటు అది. దాన్ని ఎలా కట్టారో యూబీసాఫ్ట్ బృందమే 2015 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో వివరించింది. ఆ ప్రసంగం శీర్షికలోనే ‘ఏఐ రీసైక్లింగ్’ అన్న మాట ఉంది. ఏ క్షణంలో చూసినా నిజమైన ఏఐ ఉన్న మనుషులు గరిష్ఠంగా 40 మంది. మిగతావాళ్లంతా ఒట్టి ఆకారాలు, పొదుపుగా కదిలే బొమ్మలు. ఆర్నో దగ్గరికి వచ్చేకొద్దీ బొమ్మ స్థానంలో అదే ముఖం, అదే చొక్కా ఉన్న ‘నిజం మనిషి’ వచ్చి నిలబడతాడు, ఆర్నో దూరమయ్యేకొద్దీ మళ్లీ బొమ్మవుతాడు. ఆ బుర్ర ఇంకొకరికి పోతుంది. ఆటగాడి చుట్టూ 40 బుర్రలు దీపం వెలుగులా కదులుతుంటాయి. ఆ వెలుగు దాటిన చోట ఎవరికీ ఆలోచన లేదు.

ఇంజనీరింగ్‌గా చూస్తే ఇది గొప్ప పని, మెచ్చుకోవాల్సిందే. కానీ పాంట్‌బ్రియాండ్ మాటను దీని పక్కన పెట్టి చూడాలి. 30 ఫ్రేమ్‌లకు కారణం ఏఐ అన్నారు. ఏఐ ఉన్నది 40 మందికే. అంటే ఖర్చులో పెద్ద వాటా ఆలోచనలది కాదు, శరీరాలది. 10,000 మందికి అడుగులు వేయించాలి, చేతులు కదిలించాలి, ఒకరిలోంచి ఒకరు దూరిపోకుండా చూడాలి, ఎవరు కంటికి కనిపిస్తున్నారో ఏరాలి, కనిపించేవాళ్లను గీయమని చిప్‌కు ఆజ్ఞలు రాయాలి. ఇదంతా ప్రాసెసర్ చేసే గుమాస్తా పని. బయటివాళ్లకు చెప్పేటప్పుడు దీన్నంతా కలిపి ఏఐ అనేస్తారు.

విడుదల తర్వాత జరిగినవి ఈ అనుమానాన్ని బలపరిచాయి. 2014 నవంబరు 11న ఆట వచ్చింది, లోపాల పుట్టగా వచ్చింది. ఆటల వేగాన్ని కొలిచి చెప్పే డిజిటల్ ఫౌండ్రీ వాళ్లు రెండు కన్సోళ్లనూ పక్కపక్కన పెట్టి కొలిస్తే, జనం కిక్కిరిసిన చోట ఫ్రేమ్ రేటులో ముందున్నది ప్లేస్టేషన్ 4 కాదు, గ్రాఫిక్స్ చిప్ బలహీనంగా ఉన్న ఎక్స్‌బాక్స్ వన్. రిజల్యూషన్ రెండింటా ఒకటే కాబట్టి, 1.6కీ 1.75కీ మధ్య ఉన్న ఆ చిన్న తేడాయే తెర మీద కనబడింది. ప్రాసెసరే అడ్డంకి అనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. మరోవైపు, మరమ్మతులు చేస్తూ యూబీసాఫ్ట్ ఇంకో సంగతి బయటపెట్టింది. జనం సంఖ్యను తగ్గించి పరీక్షించి చూశామని, దానివల్ల ఫ్రేమ్ రేటు మెరుగుపడలేదని, ప్రాసెసర్‌కు చేరే ఆజ్ఞల వరసనూ అందులో దేనికి ముందు వంతు అన్నదాన్నీ సవరిస్తున్నామని చెప్పింది. ఆ నెలాఖరుకు సంస్థ క్షమాపణ చెప్పి, అదనపు కథను ఉచితంగా ఇచ్చింది.

కాబట్టి ‘ఏఐ వల్ల ఫ్రేమ్ రేటు తగ్గింది’ అన్న మాట వినిపించినప్పుడల్లా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆలోచన వల్లా, ఆకారాల వల్లా, ఆజ్ఞల వరస వల్లా? మూడింటికీ మందు వేరు.

ఆలోచన నిజంగా అంత ఖరీదైనదా అంటే, పాత ఆటలు కాదంటాయి. 2005లో మోనోలిత్ సంస్థ తీసుకొచ్చిన ‘ఫియర్’లో సైనికులు బల్లలు పడదోసి వాటి వెనక నక్కుతారు, కిటికీలోంచి దూకుతారు, చుట్టూ తిరిగి వెనక నుంచి వస్తారు. వాళ్ల బుర్ర కట్టిన జెఫ్ ఆర్కిన్ దాన్ని వివరిస్తూ రాసిన పత్రం పేరులోనే గుట్టు ఉంది, మూడు స్థితులు, ఒక పథకం. సైనికుడికి ఒక లక్ష్యమిచ్చి, చేతిలో ఉన్న పనుల్లోంచి దారి తనే అల్లుకునేలా చేశారు. ఇరవై ఏళ్ల కిందటి కంప్యూటర్లు దాన్ని మోశాయి. పది పన్నెండు మంది శత్రువులున్న గదిలో ఎవరూ ప్రతి ఫ్రేమ్‌కూ ఆలోచించనక్కర్లేదు కూడా. మనిషి కూడా సెకనుకు 60 సార్లు మనసు మార్చుకోడు కదా. ఈ ఫ్రేమ్‌లో ఇద్దరు, తర్వాతి ఫ్రేమ్‌లో మరో ఇద్దరు ఆలోచించుకుంటారు, మిగతా సమయంలో అప్పటికే తీసుకున్న నిర్ణయాన్ని అమలు చేస్తుంటారు. ఇలా వంతులవారీగా పంచితే తెలివికయ్యే ఖర్చు చాలా దిగుతుంది.

అయితే ఆటల్లో మనుషులు ఇంకా గోడలకు గుద్దుకుంటూ, పక్కవాడు కుప్పకూలినా నిమిషంలో మర్చిపోతూ ఎందుకున్నారు? ఒక కారణం ప్రాసెసర్. అంతకన్నా పెద్ద కారణం, తెలివికి అంకె లేదు. రిజల్యూషన్‌కు అంకె ఉంది, ఫ్రేమ్ రేటుకు అంకె ఉంది. అట్ట మీద 4కే అని ముద్రించొచ్చు, 60 అని ప్రకటించొచ్చు, సమీక్షకులు కొలిచి గీతలు గీసి చూపించొచ్చు. ‘కాపలావాడు 23 శాతం ఎక్కువ తెలివైనవాడు’ అని ఎవరు ముద్రిస్తారు? తొలి ‘హేలో’ను తీర్చిదిద్దిన బంగీ బృందం 2002లో చెప్పిన అనుభవం దీనికి తోడు. పరీక్షకు కూర్చోబెట్టిన ఆటగాళ్ల ముందు ఒకే ఏఐ ఉన్న శత్రువులను రెండు రకాలుగా పెట్టారు. ఎక్కువ దెబ్బలు తట్టుకునే రకాన్ని వాళ్లు ఎక్కువ తెలివైనదిగా లెక్కగట్టారు. త్వరగా చచ్చిపోయేవాడికి తన తెలివి చూపించే సమయమే ఉండదు మరి. కంటికి ఆనని గుణానికి ఎంత ఖర్చు పెట్టినా మెప్పు రాదని తేలాక, కోత పడేది దాని మీదే.

ఇప్పటి కన్సోల్ ఆటల మెనూ తెరిస్తే ఇదే కనబడుతుంది. క్వాలిటీ మోడ్, పెర్ఫార్మెన్స్ మోడ్. ఒకటి రిజల్యూషన్ వైపు, ఇంకోటి ఫ్రేమ్ రేటు వైపు. ఏఐ మోడ్ అంటూ ఉండదు. ఉండే వీలూ లేదు. పిక్సెళ్లు తగ్గితే ఆట అదే ఆట, మసక మాత్రం పెరుగుతుంది. కాపలావాళ్ల బుర్ర తగ్గిస్తే అది వేరే ఆట అవుతుంది, మళ్లీ మొదటి నుంచీ పరీక్షించాలి. అందువల్ల మీట నొక్కి మార్చుకోగలిగేది చిప్ వైపు ఉన్న బేరం ఒక్కటే. ప్రాసెసర్ వైపు బేరం ఆట కట్టడం మొదలుపెట్టిన రోజునే, ఆటగాణ్ని అడక్కుండానే, ముగిసిపోతుంది.

ఈ బేరం ఎలా ముగుస్తోందో కూడా ఊహించొచ్చు. 2024 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5 ప్రోను ప్రకటిస్తూ సోనీ ఆర్కిటెక్ట్ మార్క్ సెర్నీ ఒక లెక్క చెప్పారు. మోడ్ ఎంచుకోమంటే దాదాపు నాలుగింట మూడుసార్లు ఆటగాళ్లు పెర్ఫార్మెన్స్ మోడ్‌నే ఎంచుకుంటున్నారట. చేతికి తెలిసే తేడా అది, వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. దాని ఫలితం మాత్రం మెనూలో రాసి ఉండదు. 60 తప్పనిసరి అయినప్పుడు ప్రాసెసర్ గడువు 33.3 నుంచి 16.7కు పడిపోతుంది. క్వాలిటీ మోడ్‌లో 30కే ఆడేవాడి పారిస్ కూడా ఆ 16.7లో ఇమిడేలానే కట్టాల్సి వస్తుంది. జనం రెండు మోడ్‌లలోనూ ఒక్కటే కదా.

60 కోసం ఏమేం వదులుకోవాల్సి వస్తుందో 2015 నాటి ‘హేలో 5’ దాచకుండా చూపిస్తుంది. ఎక్స్‌బాక్స్ వన్‌లో 60 ఫ్రేమ్‌లు తగ్గకూడదని ముందే గీత గీసుకున్నారు. రిజల్యూషన్ అవసరాన్నిబట్టి పైకీ కిందికీ జారేది. ఒకే టీవీ ముందు ఇద్దరు కూర్చుని ఆడే వీలు, ఆ ఆటల శ్రేణికే గుర్తుగా ఉన్నది, పోయింది. ఇంకో గుర్తు కూడా దొరుకుతుంది. దూరంగా గుట్ట మీద ఉన్న శత్రువును తదేకంగా చూస్తే, చుట్టూ ఉన్న ప్రపంచమంతా నున్నగా సాగుతుంటే వాడి కాళ్లు మాత్రం కొంచెం కొంచెం ఎగిరెగిరి పడుతుంటాయి. దూరంలో ఉన్నవాళ్ల కదలికలను సగం వేగంతోనే లెక్కించేవారు. ఒక్కసారి కంటపడితే మళ్లీ చూడకుండా ఉండటం కష్టం.

2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లతో ప్రాసెసర్ కరువు తీరింది. ఏఎండీ వారివే జెన్ 2 కోర్లు ఎనిమిది, వేగం 3.5 నుంచి 3.8 గిగాహెర్ట్జ్ దాకా. మొదటి రెండు మూడేళ్లూ చాలా ఆటలు పాత కన్సోళ్ల మీద కూడా నడవాల్సినవే కాబట్టి, జాగ్వార్ మోయగలిగిన ప్రపంచాన్ని జెన్ 2 రెట్టింపు వేగంతో అవలీలగా మోసింది. 60 ఫ్రేమ్‌లు ఇక హక్కు అన్న నమ్మకం అప్పుడే కుదురుకుంది. ఆ హక్కును మనకు ఇచ్చింది కొత్త ఇంజన్లు కాదు, పాత ప్రపంచాలు. కొత్త ప్రాసెసర్‌ను నిండా వాడుకునే ఆటలు రావడంతోనే బండి మళ్లీ 30 దగ్గరికి వచ్చింది. 2023 సెప్టెంబరులో ‘స్టార్‌ఫీల్డ్’ సిరీస్ ఎక్స్‌లో 30తోనే విడుదలైంది, 60 మోడ్ కావాలంటే మరుసటి ఏడాది మే దాకా ఆగాల్సి వచ్చింది.

అదే నెలలో ప్లేస్టేషన్ 5కు వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ ఇంకా ఆసక్తికరం. వంతులవారీ పోరాటాల ఆట, చేతివేగంతో పెద్దగా పనిలేదు. మొదటి రెండు అంకాలూ హాయిగా సాగుతుంది. మూడో అంకంలో నగరంలోకి అడుగుపెట్టగానే, పెర్ఫార్మెన్స్ మోడ్‌లో కూడా ఫ్రేమ్‌లు 60కి చాలా కిందికి జారేవి. వీధి నిండా మనుషులు, ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక సంచి, ఒక వాటం. పిక్సెళ్లు తగ్గిస్తే తీరే బాధ కాదది. లారియన్ సంస్థ ఆ డిసెంబరులో ఒక మరమ్మతు విడుదల చేస్తూ చెప్పిన కారణం చదివితే ముచ్చటేస్తుంది. ఆటగాడు చేసిన దొంగతనాలు, విధ్వంసాల తాలూకు విచారణలు కొన్ని సరిగా ముగియకుండా మధ్యలో వేలాడుతూ ఉండిపోయాయట. ఆట వాటి గురించి ఆలోచిస్తూనే ఉండేది. ఎంత ఎక్కువ దొంగిలిస్తే, ఎన్ని ఎక్కువ గంటలు ఆడితే, అంత నెమ్మదించేది. ప్రపంచానికి జ్ఞాపకం ఉంటే దానికీ ఖర్చుంటుందని ఇంత చక్కగా చెప్పిన లోపం ఇంకొకటి లేదు. అటువంటి లోపం రాగల ఆటలు ఇంకా కావాలి. ఎవరూ దేన్నీ గుర్తుపెట్టుకోని ఊళ్లో ఆ లోపం పుట్టనే పుట్టదు.

2024 మార్చిలో ‘డ్రాగన్స్ డాగ్మా 2’ వచ్చినప్పుడు క్యాప్‌కామ్ దాదాపు పదేళ్ల నాటి యూబీసాఫ్ట్ మాటనే ఇంకొంచెం నిజాయితీగా చెప్పింది. ప్రాసెసర్‌లో పెద్ద వాటా ఒక్కో పాత్రకూ పోతోందని, వాళ్లు భౌతికంగా అక్కడ ఉండటం వల్ల చుట్టూ పడే ప్రభావాన్ని ఎప్పటికప్పుడు లెక్కిస్తున్నామని, చాలామంది ఒకేచోట చేరితే ఫ్రేమ్ రేటు తగ్గొచ్చని అంది. గమనించండి, ఆలోచన అనలేదు, ఉనికి అంది. వెర్న్‌వర్త్ నగర వీధుల్లో కంప్యూటర్ మీద ఆడేవాళ్లు రిజల్యూషన్ తగ్గించి చూశారు, ఫలితం లేదు. కొందరు నగరవాసులను వరసగా చంపేస్తే ఫ్రేమ్ రేటు పెరుగుతోందని కనిపెట్టారు. విస్తరి చిన్నది చేసి లాభం లేకపోతే అతిథులనే తగ్గించారన్నమాట.

ఇక రెండో ఏఐ. ఈ పదేళ్లలో ఆ మాటకు అర్థమే మారిపోయింది. ఇప్పుడు కన్సోల్ ప్రచారంలో ఏఐ అంటే తక్కువ పిక్సెళ్లతో గీసిన బొమ్మను న్యూరల్ నెట్‌వర్క్‌తో పెద్ద బొమ్మగా నింపే విద్య. ప్లేస్టేషన్ 5 ప్రోలో దాని పేరు పీఎస్ఎస్ఆర్, 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో ఎన్విడియా వారి డీఎల్ఎస్ఎస్. చిన్న విస్తరిలో వడ్డించి, చూసేవాళ్లకు పెద్ద విస్తరిలా కనిపించేలా చేస్తుంది. కంచె తీగలు, ఆకుల అంచులు, దూరపు తలవెంట్రుకలు మునుపటి పద్ధతుల్లో మినుకుమినుకుమంటుంటే ఇందులో చాలావరకు నిలకడగా నిలుస్తాయి. చిప్‌కు మిగిలిన సమయం ఫ్రేమ్ రేటుకో కాంతి లెక్కలకో పోతుంది. రిజల్యూషన్‌కూ ఫ్రేమ్ రేటుకూ మధ్య ఉన్న పాత తగవులో ఇది నిజమైన రాజీ.

ఇది కూడా వడ్డన వైపు సాయమే. ప్లేస్టేషన్ 5 ప్రోలో గ్రాఫిక్స్ యూనిట్లు 67 శాతం పెరిగాయి. గీసే వేగం 45 శాతం దాకా పెరుగుతుందని సోనీ చెప్పింది. ప్రాసెసర్ మాత్రం అదే జెన్ 2, మహా అయితే 3.85 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది. జనం వల్ల 30 దగ్గర ఆగిన ఆట అక్కడ ఇంకా అందంగా 30 దగ్గర ఆగుతుంది. రెండు నిజం ఫ్రేమ్‌ల మధ్య ఒక ఊహాఫ్రేమ్‌ను పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ ప్రాసెసర్ అడ్డంకిని దాటినట్టు కనిపిస్తుంది. కంటికి నున్నగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ ఊహాఫ్రేమ్‌లో ఎవరూ ఏదీ నిర్ణయించలేదు. నొక్కిన బటన్‌కు జవాబు నిజం ఫ్రేమ్‌లోనే వస్తుంది. 30ని 60గా చూపించే ఆటలో చేతికి తెలిసేది ఇంకా 30 మాత్రమే, పైగా తర్వాతి నిజం ఫ్రేమ్ కోసం ఆగాలి కాబట్టి కాస్త ఎక్కువే ఆలస్యం.

ప్రాసెసర్‌కు కూడా ఊపిరి ఆడనిచ్చే రాజీ ఒకటుంది, దానికి ఇంకా రావాల్సినంత పేరు రాలేదు. 2021లో ‘రాచెట్ అండ్ క్లాంక్ రిఫ్ట్ అపార్ట్’లో ఇన్సామ్నియాక్ సంస్థ 40 ఫ్రేమ్‌ల మోడ్ పెట్టింది. అంకెలో 40 అంటే 30కి కాస్త పైన. గడువులో చూస్తే ఒక్కో ఫ్రేమ్‌కు 25 మిల్లీసెకన్లు, అంటే 33.3కీ 16.7కీ సరిగ్గా నట్టనడుమ. 60 ఇచ్చే హాయిలో సగం దొరుకుతుంది, ప్రాసెసర్‌కు 60తో పోలిస్తే సగం సమయం అదనంగా మిగులుతుంది. జనం నిండిన నగరాలకు ఇది చక్కగా సరిపోయే కొలత. చిక్కల్లా టీవీతోనే. 40 సమంగా భాగించబడాలంటే 120 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చే తెర కావాలి. 60 హెర్ట్జ్ టీవీలున్న ఇళ్లలో ఆ మోడ్ మెనూలో ఉన్నా అందని ద్రాక్షే.

యూనిటీ దగ్గరికి తిరిగి వెళ్లాలి, ఎందుకంటే ఆ ఆట మీద ఒక పరీక్ష తనంతట తానే జరిగింది. 2020 నవంబరులో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వచ్చినప్పుడు, 2014 నాటి ఆ ఆటను కొత్త మెషీన్‌లో పెట్టి చూశారు. రిజల్యూషన్ అదే 900పీ, పెద్ద తెర మీద అంచులు కొంచెం మసక. ఫ్రేమ్‌లు మాత్రం దాదాపు నిలకడగా 60. కొత్త ప్రాసెసర్ తగిలేసరికి అన్నం వేళకు ఉడికింది. నోట్రడామ్ ముందు ఇప్పుడు జనం నీళ్లలా కదులుతారు, జెండాలు తడబడకుండా ఊగుతాయి, ఆర్నో భుజం తగిలిన మనిషి ఆ క్షణంలోనే తిరిగి చూస్తాడు. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగితే, అదే మనిషి ఇందాకటి సంగతేదీ గుర్తులేనట్టు మళ్లీ గుంపులో చెయ్యెత్తి ఊపుతుంటాడు. బుర్రలు ఇప్పటికీ 40యే.